మెడ కొలత

పొద్దుగాల ఏడింటికి పరగడుపున ఇచ్చిన నెత్తురు
సాయంత్రానికి మూడు కాగితాలై వచ్చింది.
మొదటి పేజీ మీదనే నా పేరు తప్పు.
సులోచన కాదంట, సులోచనా రావంట.
ఏ రావుగారిదో ఈ నెత్తురు అనుకున్న కాసేపు.

టీఎస్‌హెచ్ తొమ్మిది పాయింట్ ఆరు.
లావు అక్షరాలు, పక్కన మీదికి చూసే బాణం.
దాని కింద టీ త్రీ, టీ ఫోర్
సన్నగా, బుద్ధిగా కూసున్నయి
తమకేం తెలువనట్టు.

ఇరవై రెండేండ్ల సంది అంకెలతోనే నా బతుకు.
భుజం పద్నాలుగు, చంక పదహారు,
వెనక మెడ తొమ్మిదిన్నర.
కొలత పెరిగితే గుడ్డ పెరుగుతది.
వారాసిగూడ మూడో గల్లీల ఇంతకు మించిన లెక్క
ఎవరూ నన్నడగలే.

నుజ్హత్ మేడమ్ అన్నది:
"ఇది ఎక్కువుందంటే
మీ థైరాయిడ్ తక్కువ పనిచేస్తుందన్నట్టు."
మరి ఇది తక్కువుంటే?
"అది ఎక్కువన్నట్టు."
నేను నవ్విన. ఆమె నవ్వలే.
తలుపవతల ఇరవై ఏడో టోకెన్ దగ్గుతుండె.

దుకాణానికి వచ్చేసరికి
తహ్సీన్ మిషన్ మీద తల పట్టుకొని ఉంది.
"అక్కా, కిందంతా ఉచ్చులు పడుతున్నయ్,
బాబిన్ ఖరాబైంది."
చెప్పులన్నా విడువకుండ నోటికొచ్చింది చెప్పిన:
కింద ఉచ్చులు పడితే తప్పు కింద కాదే,
పైదారం వదులైంది. పైన బిగించు.

చెప్పి, అట్లనే నిలబడ్డ.

నేను పని నేర్చింది సుల్తాన్ బజార్ల, మెట్ల కింది గదిల.
యాదగిరి మాస్టరు పై అంతస్తుల ఉండి
కిందికి అరుస్తుండె.
రాజమణమ్మ చెయ్యి మెల్లగైన కొద్దీ
ఆయన గొంతు పెద్దగైతుండె.
జాకెట్లు మాత్రం రోజూ ఆరుకు ఆరే,
కాజాలతో సహా.
లెక్క రాసే పిల్లకు ఏ తేడా కనపడలే.
వీధి వీధంతా వినపడేది అరుపే.

ఈ బాణం మాస్టరు గొంతుది.
రాజమణమ్మ చేతిది కాదు.

ఇంత అర్థమైనంక నిమ్మళం కావాల్నా?
ఒక సంక్రమణం దాటకముందే రాజమణమ్మ
కత్తెర బల్ల మీద పెట్టి పోయింది, మళ్ళ రాలే.
అరుపు విన్నోళ్ళమే అందరం.
అలసినవా అని అడిగినోళ్ళం ఒక్కరం లేం.

నాకు మధ్యాహ్నాలు సూదిలో దారం ఎక్కుతలేదు.
దువ్వెన నిండ వెంట్రుకలు.
మే నెలల ఫ్యాన్ బందు పెట్టమంటే
ఇంట్ల అందరు నన్ను విచిత్రంగ చూసిన్రు.
వయసే అన్నరు. నేను గూడ అన్న.

మెట్టుగూడ ల్యాబుల పది రోజుల కింద
ఇదే నెత్తురు ఆరు పాయింట్ ఎనిమిది.
ఇంతలనే ఎట్ల పెరిగింది మేడమ్ అంటే
"ఒక్కో ల్యాబుకు ఒక్కో పద్ధతి,
ఒక్కో హద్దు" అన్నది.
టేపు పాతదైతే సాగుతదని నాకు తెల్వదా!
ఒక గిరాకిని రెండు టేపులతో కొలిచి
ఏ జాకెట్టూ కుట్టలే నేను ఇన్నేండ్లల్ల.
ఆమె చీటీ మీద రాసిచ్చింది గూడ అదే:
ఆరు వారాలాగి, ఇదే ల్యాబు, ఇదే వేళ, పరగడుపున.
గోలీ సంగతి అప్పుడు చూద్దాం.

తహ్సీన్ పోయినంక సగం షట్టర్ దించి
టేపు నా మెడకే చుట్టుకున్న.
ఎన్ని మెడలో కొలిచిన, ఇది మొదటిసారి.
పదమూడున్నర.
రిపోర్టు వెనక చాక్‌పీసుతో రాసుకున్న,
రేపటికి చెరిగిపోతదని తెలిసే.

గుటక వేసిన.
టేపు కింద ఏదో లేచి, మళ్ళ కూసుంది.
అలసినవా, అని అడిగిన.

సీతాఫల్‌మండి దిక్కు రైలు పోయింది.
ఇంక తొమ్మిది జాకెట్లకు హుక్కులున్నయి.